సారు నోట జారిన ఛకారం

మా ఇంట్లో పాలు పొంగిపోతే ఎవరూ ఏమీ అనేవారు కాదు. అక్షరం జారితే మాత్రం ఇల్లంతా ఆగిపోయేది.

అరసవల్లిలో, గుడి వీధి దాటి రెండు సందుల అవతల మా ఇల్లు. తాతల నాటి నుంచి స్వామి సేవలో ఉన్న కుటుంబం మాది. ఆదివారం స్వామి వారం కాబట్టి ఆ రోజు తెల్లవారగానే మా ముందు గదిలో నాన్నగారు పారాయణ గోష్ఠి నడుపుతారు. బయట దర్శనానికి వచ్చినవాళ్ళ ఆటోలు హారన్లు మోగిస్తూ ఉంటాయి. లోపల మా గొంతులు వాటికి తగ్గకుండా లేస్తాయి.

గోష్ఠిలో మా పద్ధతి సంత. అంటే నాన్నగారు ఒకసారి చెబుతారు, మిగిలినవాళ్ళం రెండుసార్లు అంటాం. ఎవరి నోటనైనా అక్షరం జారితే ఆయన అక్కడే ఆపి సరైన అక్షరం పైకి అంటారు. జారినవాళ్ళతో పాటు అందరం దాన్ని రెండుసార్లు అని ముందుకు సాగుతాం. అందులో ఎవరికీ చిన్నతనం లేదు. కోర్టులో పేరున్న ప్లీడరుగారినీ అలాగే దిద్దుతారు, గుడి ముందు పూలమ్మే ఆవిడనీ అలాగే దిద్దుతారు. చివర్లో ముగింపు శ్లోకం ఒకటుంది. చదువుతూ ఎక్కడైనా అక్షరం జారినా, మాత్ర తప్పినా క్షమించమని స్వామిని అడిగే శ్లోకం. అది చెప్పుకున్నాకే లేస్తాం.

నాకు ఊహ తెలిసేసరికే ఇదంతా నా ఊపిరిలో కలిసిపోయింది. డిగ్రీలో చేరేనాటికి, నాన్నగారు అన్నది అందుకుని ఆడవాళ్ళ వరసకి ముందు కూర్చుని చెప్పేది నేనే. స్వామి నాకు నాలుక ఇచ్చింది ఇందుకేనని నమ్మాను. ఆ నమ్మకం ఇప్పటికీ పోలేదు. కానీ ఆ నాలుక గురించి నాకు తెలియనిది ఒకటుందని ఎం.ఏ. తెలుగు చదవడానికి హైవే పక్కన ఉన్న యూనివర్సిటీలో చేరాక తెలిసింది.

అక్కడ మాకు ఛందస్సు చెప్పిన సారు సముద్రం ఒడ్డు ఊరి మనిషి. వాళ్ళ నాన్న వేటకి వెళ్ళేవాడనీ, అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళలో చేపలు అమ్మేదనీ ఆయనే చెప్పేవారు. గొప్పగానూ కాదు, జాలి కోసమూ కాదు. పాఠంలో అవసరం వస్తే చెప్పేవారు, లేకపోతే లేదు. మామూలుగా ఆయన మాట పుస్తకాల మాటే. కానీ పాఠం వేడెక్కితే ఆయన ఊరు నోట్లోకి వచ్చేసేది. అప్పుడు ‘చ’లన్నీ ‘స’లైపోయేవి. ఆ వేడి కోసమే మేం ఆయన తరగతికి ముందుగా వెళ్ళి కూర్చునేవాళ్ళం. వేరే క్లాసుల పిల్లలు కూడా వచ్చి గోడ వారగా నిలబడేవారు.

మా ఊళ్ళ పేర్లు ఆయనకి గుర్తుండేవి. ఏదైనా మాట దగ్గర ఆగి, మీ అమ్మమ్మ దీన్నేమంటుందని ఒక్కొక్కరినీ అడిగేవారు. చెప్పిన మాటని బోర్డు మీద పుస్తకం మాట పక్కనే రాసేవారు, అంతే పెద్ద అక్షరాలతో. ఎవరైనా అడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదనేవారు. మర్నాడు చూసుకొచ్చి, అడిగినవాళ్ళు మరిచిపోయినా వెతికి పట్టుకుని చెప్పేవారు. తెలియదనే మాట గురువు నోట వినడం నాకు అదే మొదలు. మా గోష్ఠిలో ఆ మాట లేదు.

ఆ రోజు గురువులూ లఘువులూ చెబుతున్నారు. బోర్డు మీద గీతలు గీసి, అవి మా బుర్రకెక్కడం లేదని కనిపెట్టి, సుద్దముక్క కింద పెట్టేశారు. ఒడ్డు మీద వల లాగేటప్పుడు పాడే పాట ఎత్తుకున్నారు. ఎక్కడ అందరూ కలిసి లాగుతారో అక్కడ బల్ల మీద అరచేత్తో గట్టిగా, ఎక్కడ పట్టు మార్చుకుంటారో అక్కడ వేళ్ళతో మెల్లగా కొడుతూ. గోడ వారనున్నవాళ్ళు కూడా అందుకున్నారు. గదంతా ఒక పడవలా ఊగింది. ఒక్కసారిగా ఆపి మా వైపు తిరిగారు.

“సందస్సంటే ఏటనుకున్నారు? బోర్డు మీద గీతలు కాదు. ఊపిరి ఎక్కడ లాగాల, ఎక్కడ ఆపాల, ఆ లెక్క. వల లాగీవోడి సేతుల్ని అడగండి, సెప్తాయి.”

“ఛందస్సు” అన్నాను నేను.

అనాలని అనలేదు. నాన్నగారి గొంతు నాలోంచి వచ్చినట్టు వచ్చింది, అదే కాఠిన్యంతో, ఆయన ఆపినట్టే ఆపుతూ. వెనక బెంచీల్లో ఎవరో నవ్వి, గోష్ఠిలో మేం అన్నట్టే “ఛందస్సు, ఛందస్సు” అన్నారు. గది గొల్లున నవ్వింది.

సారు నా వైపు చూశారు. కోపం లేదు. నా వంకే చూస్తూ, చిన్న పిల్లాడు అన్నట్టు, ఆయన కూడా రెండుసార్లు అన్నారు. ఛందస్సు, ఛందస్సు. తర్వాత సుద్దముక్క తీసుకుని మళ్ళీ గీతలు గీయడం మొదలుపెట్టారు. వల పాట ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది.

ఇంటికి వచ్చి భోజనాల దగ్గర నాన్నగారికి నేనే చెప్పాను. ఆయన విస్తరి ముందు చెయ్యి ఆపేశారు. గురువుని దిద్దావా అని అడిగారు. అలవాటుగా నోటంట వచ్చేసింది నాన్నా అన్నాను.

“ఆ అలవాటు మన గోష్ఠిలో. అక్కడ ఆయన గురువు, నువ్వు శిష్యురాలివి. గురువుని దిద్దిన నోటితో స్వామి నామం ముందు చెప్పకూడదమ్మా. ఆయన చేత క్షమించానని అనిపించుకుని రా. అంతవరకూ వెనక వరసలో కూర్చో.”

ఆ ఆదివారం గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోటికి ఆనుకుని కూర్చున్నాను. ఆడవాళ్ళు వెనక్కి తిరిగి తిరిగి చూశారు. గొంతు బాగులేదా అని పూలావిడ అడిగితే అవునన్నాను. స్వామి ఎదురుగా ఆడిన అబద్ధం అది. మా ఊళ్ళో ఎవరికైనా ఇది చిన్న శిక్షలా కనిపిస్తుందేమో. నాకు మాత్రం ఆ వరస ముందు చోటు కన్నా నాదంటూ ఇంకేమీ లేదు. దాన్ని మళ్ళీ దక్కించుకోవాలంటే సారు నోట ఒక్క మాట రావాలి.

సోమవారం ఆయన గదికి వెళ్ళాను. పుస్తకాల మధ్య కాస్త చోటు చేసుకుని టీ తాగుతున్నారు. క్షమించండి సార్ అన్నాను. ఎందుకన్నారు. మిమ్మల్ని దిద్దినందుకు, అలవాటుగా నోట వచ్చేసింది అని చెప్పాను.

“తప్పు అక్షరం నాది, ఒప్పు అక్షరం నీది. నేను క్షమించడమేమిటమ్మా?” అన్నారు. మాట జాగ్రత్తగా వచ్చింది. ప్రతి అక్షరం కడిగి పెట్టినట్టుంది.

ఆ పైన మాట మార్చి మా గోష్ఠి గురించి అడిగారు. స్వామి నామాలు చదువుతామని చెప్పాను. వాటిలో పూష్ణే నమః అని వస్తుంది కదా, పూష అంటే ఏమిటన్నారు. మాటలు రాని వయసు నుంచి చెబుతున్న నామం అది. పువ్వులా వికసించేవాడు సార్ అన్నాను ధైర్యంగా. మా ఆడవాళ్ళందరం అనుకునేది అదే. ఆయన తల పంకించి, కావచ్చు, నాకూ గట్టిగా తెలీదు, చూసి చెబుతానన్నారు.

మర్నాడు వరండాలో నన్ను వెతుక్కుంటూ వచ్చారు. పువ్వుకీ ఆ మాటకీ సంబంధం లేదట. పోషించేవాడని అర్థమట. దారులకి కాపలా ఉంటాడని కూడా పెద్దలు చెప్పారట. తప్పిపోయిన పశువుని వెతికి ఇంటికి తోలుకొస్తాడట. ఆ చివరి మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖం వల పాట పాడిన రోజులా వెలిగింది.

“నాకు అచ్చరం జారినాది, నీకు అర్థం జారినాది. సెల్లుకి సెల్లు” అని నవ్వేశారు. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు నవ్వు తగ్గించుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఇంట్లో ఈ మాట చెబితే నాన్నగారు ఒప్పుకోలేదు. చెల్లుకి చెల్లంటే క్షమించినట్టు కాదన్నారు. ఆయన అనేది నిజమే.

ఇంతలో తరగతి చల్లబడిపోయింది. సారు పాఠం బాగానే చెబుతున్నారు. పుస్తకంలో ఉన్నట్టు, ఎక్కడా జారకుండా. బల్ల మీద చెయ్యి పడడం లేదు. గోడ వార నిలబడేవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. నా పక్కన కూర్చునే స్నేహితురాలు నరసన్నపేట దగ్గర పల్లెటూరిది, వరి పండించుకునే ఇంటిపిల్ల. ఒక మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ, నా వైపు చూడకుండానే అంది.

“నీ అచ్చరం బాగున్నాదే. మరి మా సారేడి? మా ఇంట్లో మాట్లాడీ మాట ఈ యూనివర్సిటీలో ఆయన నోటే ఇన్నాను. నువ్వొచ్చి అదీ తీసీసినావు.”

అలవాటే, అనుకోకుండా వచ్చేసిందే అన్నాను. ఏటో, నీ అలవాటు అని ఊరుకుంది.

అదే రోజు సాయంత్రం క్లాసు ఇంకో సారుది. ఆయనది మేం ఎరిగిన కుటుంబం. పండగలకి మా అరుగు మీద కూర్చుని నాన్నగారితో కబుర్లు చెప్పే మనిషి. ఆ గంటసేపూ ధర్మం గురించి పాఠం. ఆయన ధర్మాన్ని ‘దర్మం’ అన్నారు. భాష్యాన్ని ‘బాష్యం’ అన్నారు. మొదటిసారి కాదు, ఏడాది మొదటి నుంచీ అలాగే అంటున్నారు. నేను శ్రద్ధగా రాసుకుంటున్నాను. రాసుకుంటూ రాసుకుంటూ ఒకచోట నా కలం ఆగిపోయింది.

నా నాలుక లేవలేదు.

ఒత్తులు జారుతున్నాయని చెవికి తెలుస్తోంది. రాతలో చెయ్యి వాటిని దిద్దుకుంటోంది. నాలుక మాత్రం మర్యాదగా పడుకుని ఉంది. ఇన్నాళ్ళూ ఆయన ఎదుట అది ఒక్కసారి కూడా కదల్లేదు. అలవాటే అయితే ఇక్కడ ఎందుకు రాలేదు? ఊపిరిలో కలిసిన సంతే అయితే ఈ గదిలో ఊపిరి లేదా? నా నాలుకకి అక్షరం ఒక్కటే కాదు, మనిషి కూడా తెలుసు. ఎవరిని ఆపవచ్చో, ఎవరిని ఆపకూడదో నాకు చెప్పకుండానే అది నేర్చుకుని కూర్చుంది. మా గోష్ఠిలో నాన్నగారు నేర్పింది కాదది. ప్లీడరుగారినీ పూలావిడనీ ఒకేలా దిద్దే ఇంట్లో పుట్టి, ఎక్కడ నేర్చుకున్నానో నాకే తెలియదు. బస్సులో అరసవల్లి వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నా ముఖం ఎవరూ చూడకూడదనిపించింది.

ఇంకొకసారి సారు గదికి వెళ్ళాను. నా నాలుక సంగతి చెప్పడానికే వెళ్ళాను గానీ నోరు రాలేదు. నాన్నగారి నియమం గురించి మాత్రం చెప్పి, మీరొక్క మాట అంటే చాలు సార్ అన్నాను. క్షమించానంటే నువ్వు తప్పు చేశావని నేను ఒప్పుకున్నట్టు, తప్పు లేనిచోట ఎలా అనమంటావన్నారు. చివరికి, మీ సంత ఆదివారం ఎన్నింటికి మొదలవుతుందని అడిగారు.

ఆ ఆదివారం తెల్ల చొక్కాతో మా గుమ్మంలోకి వచ్చారు. మా సారు అని నేను లేచి నిలబడ్డాను. నాన్నగారు గబగబా ఎదురువెళ్ళి ముందు వరసలో తన పక్కన పీట వేయించారు. సంత చెప్పుకోవడానికి వచ్చానండీ, చోటున్న దగ్గర కూర్చుంటానని ఆయన గుమ్మం పక్కన, నాకు కాస్త ఎడంగా కూర్చున్నారు.

నాన్నగారు చెబుతున్నారు, మేం అంటున్నాం. సారు గొంతు పెద్దది. సగం మాత్ర వెనకగా వస్తున్నా సిగ్గు లేకుండా వస్తోంది. స్వామిని ఉషా ఛాయా సమేతుడని చెప్పే చోటుకి వచ్చాం. మా గొంతుల మీదుగా “సాయా” అని గది దాటేలా వినిపించింది.

“ఛాయా” అన్నారు నాన్నగారు.

అందరం రెండుసార్లు అన్నాం. సారూ అన్నారు, తృప్తిగా. తర్వాతి మాట రాలేదు. నాన్నగారు చెయ్యి మోకాలి మీద పెట్టుకుని అలా ఉండిపోయారు. తన నోట వచ్చింది ఏమిటో అప్పుడు తెలిసింది ఆయనకి. బయట ఆటోవాడెవరో దారి ఇమ్మని అరుస్తున్నాడు. గోష్ఠి మొత్తం ఆయన పెదవుల వంక చూస్తోంది.

“తర్వాతది సెప్పండి బాబూ” అన్నారు సారు, వెనక నుంచి.

ముందుగా నవ్వింది పూలావిడ. తర్వాత అందరం నవ్వాం. నాన్నగారు కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని అందుకున్నారు. ముగింపు దగ్గరికి వచ్చేసరికి నన్ను చెయ్యూపి పిలిచారు.

“నేనూ దిద్దానమ్మా మీ సారుని. ఇంక నిన్నేమని అడగను? రా, ముగింపు నువ్వు చెప్పు.”

ఎదురు చూసిన పిలుపు అది. లేవలేకపోయాను. నాన్నగారు దిద్దినది వేరు, నేను దిద్దినది వేరు. ఆయన ఎవరినైనా దిద్దుతారు. జారిన అక్షరానికి క్షమించమని నేను ఏ నోటితో అడగాలి? తల అడ్డంగా ఊపాను. కాసేపు చూసి నాన్నగారే చెప్పేశారు.

ప్రసాదం అయ్యాక సారు గేటు దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను. చెప్పేశాను. ఇంకో సారు ఒత్తులు జార్చడం, నేను రాసుకుంటూ కూర్చోవడం. అలవాటని మీకు చెప్పింది అబద్ధం సార్, నాకప్పుడు తెలియదు గానీ అబద్ధమే అన్నాను. తల ఎత్తకుండా ఆయన పాదాలనే చూస్తున్నాను. ఒక కాలికి చెప్పు ఉంది, ఒక కాలు మట్టి మీద ఉంది.

“నాకు ఆ పూటే తెలిసినాదమ్మా” అన్నారు.

వంగి రెండో చెప్పు వెతికి ముందుకు లాక్కున్నారు.

“అచ్చరం దిద్దితే నొప్పేటి? ఎవుల్ని దిద్దుతారో, ఎవుల్ని దిద్దరో, అది మాకు సిన్నప్పుడే తెలిసిపోతాది. గంప దించిన ప్రెతి ఇంటి దగ్గరా తెలిసీది. నువ్వు సెప్తావో సెప్పవో అని సూసినాను.” రెండో చెప్పు వేసుకున్నారు. “దానికైతే సెమిస్తన్నాను.”

ఆయన ‘సెమిస్తన్నాను’ అన్నది నా చెవిన పడింది. అందులో ఏ అక్షరం జారిందో కూడా తెలిసింది. నాలుక లేవలేదు. ఈసారి దాని కారణం వేరు.

పై ఆదివారం ఆడవాళ్ళ వరసకి ముందు కూర్చున్నాను. పూష్ణే నమః దగ్గర ఒక మాత్ర ఎక్కువ లాగాను. తప్పిపోయినదాన్ని వెతికి తోలుకొచ్చేవాడికి నమస్కారమని తెలిసి చెప్పడం అదే మొదటిసారి. నా వెనక వాళ్ళు రెండుసార్లు అనేలోపు సర్దుకున్నాను.

ఇప్పుడు నేను గజపతినగరంలో డిగ్రీ పిల్లలకి పాఠం చెబుతున్నాను. మంచి ప్రొఫెసరుకి ఏం ఉండాలి మేడమ్ అని అప్పుడప్పుడు అడుగుతారు. చదువు ఉండాలి, ఓపిక ఉండాలి అని చెబుతాను. అవన్నీ నిజాలే. ఆ గేటు దగ్గర ఒంటి చెప్పుతో నిలబడ్డ మనిషి సంగతి మాత్రం చెప్పలేను. ఎందుకంటే నా తరగతిలో ఇంతవరకూ ఎవరూ నన్ను దిద్దలేదు. నాకు అక్షరం జారదని కాదు. దిద్దగలిగే చనువు వాళ్ళకి నేనింకా ఇవ్వలేదు. ఆయన మాకు మొదటి రోజే ఇచ్చారు. నేను దాన్ని ఎలా వాడానో చూసి కూడా వెనక్కి తీసుకోలేదు. ఆదివారం అరసవల్లి వచ్చి ముగింపు శ్లోకం చెప్పేటప్పుడు ఇది గుర్తొచ్చి తల దించుకుంటాను. జారిన అక్షరాల కన్నా, పిల్లల నోట ఆగిపోయిన అక్షరాలకి ఎక్కువ క్షమాపణ అడగాలి.

సారు మా గోష్ఠికి వచ్చి వెళ్ళిన మర్నాడు, సోమవారం, ఆయన తరగతిలోకి వచ్చి హాజరు వేయలేదు. సుద్దముక్క కూడా తీసుకోలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, బల్ల మీద అరచెయ్యి పెట్టారు.

“ఏటీ, వల ఎక్కడొదిలీసినాం?” అన్నారు.

స్నేహితురాలు బెంచీ కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎక్కడ వదిలేశామో నాకు తెలుసు. కానీ చెప్పడానికి ముఖం చెల్లక తల వంచుకున్నాను. తనే చెప్పింది, వాళ్ళ ఇంటి మాటలో, గది అంతా వినేలాగ.